చెయ్యి బాగానే ఉంది

సెప్టెంబరు 9, సోమవారం

71 కిలోలు.

రోజూ బరువు రాయమని నా కోచ్ వాన్నీ ఈ నోటుపుస్తకం కొనిచ్చాడు. బరువొక్కటే రాయమన్నాడు. ఒక్క అంకె వేసి ఊరుకోవడానికి నేనేమన్నా కాటానా? అందులోనూ ఇవాళ ఊరుకోవడం నావల్ల కాదు. పొద్దున్నుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. రేవు గోడ చివరి దాకా రెండుసార్లు వెళ్ళొచ్చాను.

విషయం ఇది. అక్టోబరు 5న బాక్సింగ్ పోటీ. ఆరు రౌండ్లు. ఇక్కడే, ఇటలీలో, లివోర్నోలో. నేను ఎర్ర మూలలో!

"ఎర్ర మూలా? నేనా?" అని వాన్నీని రెండుసార్లు అడిగాను.

"నువ్వే. దెబ్బలు చెవుల్లో కూడా తగిలాయా ఏంటి?" అన్నాడు.

ఐర్లాండ్ వదిలి తొమ్మిదేళ్ళు. పరాయి ఊళ్ళలో ఇరవై ఆరు పోటీలు. గ్దాన్‌స్క్, బ్ర్నో, దెబ్రెత్సెన్, బారీ. ఇరవై ఆరింటిలోనూ నీలం మూలే. ఎర్ర మూల ఊరివాడిది, నీలం మూల తెప్పించినవాడిది. ఊరివాడి పేరు గోడల మీద పెద్దక్షరాల్లో ఉంటుంది, వాడి మేనమామలూ బావమరుదులూ ముందు వరసలో కూర్చుంటారు, సమానంగా సాగిన రౌండు వాడికే పోతుంది. తెప్పించినవాడు బాగా కొట్లాడి, మర్యాదగా ఓడి, మర్నాడు పొద్దున్నే విమానం ఎక్కాలి. నేను ఎనిమిది గెలిచాను. ఇంకో ఆరు కూడా గెలిచాను గానీ నా చెయ్యి ఎవరూ పైకెత్తలేదు. ఆ ఆరింటి గురించి మాట్లాడటం మానేశానని అందరితోనూ చెప్తుంటాను.

పోటీలు పెట్టే బార్సొట్టి ఖరాఖండిగా చెప్పాడు. గెలిస్తే వసంతం నుంచి వరసగా నాలుగు పోటీలు, అన్నీ ఇక్కడే, అన్నీ ఎర్ర మూలే. ఓడితే నా పెట్టె నేను సర్దుకోవాలి. నాకు ముప్ఫై నాలుగు. పెట్టె సర్దీ సర్దీ విసుగొచ్చింది. ఇక్కడ నాకో గది ఉంది, గదికి కిటికీ ఉంది, కిటికీలోంచి కొంచెం సముద్రం కూడా కనిపిస్తుంది. ఇది వదులుకోను.

సెప్టెంబరు 11, బుధవారం

70.4.

నెల్లా అక్క చేపల పులుసు పెట్టింది. ఐదు రకాల చేపలు, వెల్లుల్లి, టమాటా. నెల్లా వాన్నీకి స్వయానా అక్క, నాకు ఇంటి యజమానురాలు. ఆవిడ వంటింటి పక్కగదే నాది.

"ఒక్క గరిటె తింటే ప్రాణం పోదురా" అంది.

"ప్రాణం పోదక్కా, బరువు పెరుగుతుంది."

"అయితే గోడ వైపు తిరిగి కూర్చో. మేం తింటాం."

నిజంగానే గోడ వైపు తిరిగి కూర్చుని ఉడికించిన కోడి తిన్నాను. వెనక వాన్నీ కావాలనే చప్పరించుకుంటూ తిన్నాడు, పాపిష్టోడు.

సెప్టెంబరు 17, మంగళవారం

69.5.

ప్రత్యర్థి ఎవరో తెలిసింది. ఫింటన్ గ్రీలీ. వయసు ఇరవై నాలుగు, తొమ్మిదింట్లో ఏడు గెలిచాడు. ఊరు గాల్వే. నా ఊరే! ఇద్దరు ఐరిష్‌వాళ్ళు కొట్టుకుంటుంటే చూడటానికి జనం ఎగబడతారని బార్సొట్టి ఆలోచన.

"వాడి కోచ్ ఎవరు?" అన్నాను.

"ఎవరో పెద్దాయన. బార్ట్లీ కొనీలీ అట. నీకు తెలుసా?"

"పేరు విన్నాను" అన్నాను.

విన్నానట! తొమ్మిదో ఏట నుంచి ఇరవై ఐదో ఏట దాకా ఆ మనిషి నీడలో బతికాను. బోహర్‌మోర్‌లో చర్చి వెనక రేకుల షెడ్డు, చలికాలం నోట్లోంచి పొగ, మూలన కిరసనాయిలు స్టవ్వు. నా చేతులకి పట్టీ కట్టుకోవడం నేర్పింది ఆయన. పదహారేళ్ళలో ఒక్కసారి మెచ్చుకున్నాడు. "తప్పు లేదు" అన్నాడు. ఆయన దగ్గర అంతకు మించిన బిరుదు లేదు.

తొమ్మిదేళ్ళ కిందట డబ్లిన్‌లో, ఐదో రౌండులో, పాయింట్ల మీద నేను ముందున్నప్పుడు, తువ్వాలు విసిరేసి పోటీ ఆపేశాడు. నేను నిలబడే ఉన్నాను. నిలబడే ఉన్నవాడి మీద తువ్వాలు ఎవడన్నా విసురుతాడా? మర్నాడు ఫోన్ చేశాడు. మధ్యలోనే పెట్టేశాను. మా ఊళ్ళో ఫోన్ పెట్టే ముందు ‘ఉంటా, ఉంటా, ఉంటా’ అని రెండు వైపులా ఏడెనిమిదిసార్లైనా అనుకోవాలి, లేకపోతే తిట్టినట్టే లెక్క. ఒక్క ‘ఉంటా’ కూడా అనలేదు నేను. ఆ తర్వాత మాటల్లేవు.

అంతా అయిపోయింది. నాకేం కోపం లేదు.

పట్టీలు విప్పేశాక, బయటికి వెళ్తూ, వేలాడే బస్తాను ఒక్క గుద్దు గుద్దాను. ఒట్టి చేత్తో. ఒక్కటే. ఏం కాలేదు.

ఒట్టి చేత్తో బస్తాని ముట్టుకుంటే బార్ట్లీ నెల రోజులు షెడ్డు ఊడిపించేవాడు. తొమ్మిదేళ్ళ పిల్లలకి చెప్పే మొదటి పాఠం అది.

సెప్టెంబరు 18, బుధవారం

69.3. చెయ్యి బాగానే ఉంది. వాపు కొంచెం. చిటికెన వేలి వెనక.

ఈ పేజీలో అక్షరాలు వంకరగా ఉన్నాయంటే బల్ల కుంటిది కాబట్టి.

సెప్టెంబరు 20, శుక్రవారం

69. చెయ్యి బాగానే ఉంది.

ఇవాళ పట్టీలు నేనే కట్టుకున్నాను. "నేనున్నానుగా, నీకెందుకా శ్రమ?" అన్నాడు వాన్నీ. చిన్నప్పటి అలవాటు అన్నాను. సాధనలో ఎడమ చెయ్యి ఒక్కటే వాడాను. ఇది కొత్త వ్యూహం అన్నాను. వాన్నీ సంబరపడిపోయాడు.

"తనకి ఎడమ చెయ్యి కూడా ఉందని ఇన్నాళ్ళకి గుర్తొచ్చింది మా మహారాజుకి! నాలుగేళ్ళ నుంచి గొంతు చించుకుంటున్నాను కదరా!"

పాపం, అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు.

సెప్టెంబరు 23, సోమవారం

68.2.

నెల్లా అక్క కనిపెట్టింది, బల్ల సంగతే. ఒక కాలి కింద అట్టముక్క మడిచి పెట్టింది. ఇప్పుడు బల్ల కదలడం లేదు. అక్షరాలు మాత్రం అలాగే వస్తున్నాయి. పెన్ను మార్చాలి.

సెప్టెంబరు 24, మంగళవారం

డాక్టరు దగ్గరికి వెళ్ళడం దేనికి? వెళ్తే ఎక్స్‌రే తీస్తాడు. తీస్తే ఏదో ఒకటి కనబడుతుంది. నాలుగైదేళ్ళ కిందటి పాత పగుళ్ళు కూడా కనబడతాయి, అవన్నీ ఇప్పటివే అనుకుంటాడు. అనవసరపు గొడవ.

సెప్టెంబరు 27, శుక్రవారం

67.8.

నెల్లా అక్క చెంచా నా ఎడమ చేతి వైపు పెట్టింది. ఆ చేత్తోనే చారు తాగాను.

సెప్టెంబరు 30, సోమవారం

67.5. నైరుతి గాలి మొదలైంది. మూడు రోజులు వదలదు, ఊళ్ళో అందరికీ తలనొప్పి. నాకు కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలీడం లేదు. ఒకటే ఆలోచన. వాన్నీకి చెప్పేస్తే? చెప్తే పోటీ రద్దు. బార్సొట్టి నా బదులు ఇంకోణ్ణి చూసుకుంటాడు, ఎర్ర మూల వాడికి పోతుంది. చెప్పను. ఎడమ చేత్తోనే గెలుస్తాను. కుడి చేత్తో రెండో మూడో దెబ్బలు వేస్తే చాలు, బెదిరించడానికి.

చెయ్యి బాగానే ఉంది.

అక్టోబరు 4, శుక్రవారం

66.5. హద్దు 66.6. తూకం దగ్గర బార్ట్లీ కనిపించాడు.

జుట్టు పూర్తిగా తెల్లబడింది. అదే ముదురాకుపచ్చ స్వెట్టరు, లేదా దాని తమ్ముడు. నన్ను చూసి దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. నా కుడి చేతిలో కాఫీ కప్పుంది. ఆయన వస్తాడని తెలిసే పట్టుకున్నాను. ఎడమ చెయ్యి ఇచ్చాను. తొమ్మిదేళ్ళ తర్వాత ఎడమ చెయ్యి! ఆయన ఆ చేతిని చూశాడు, కప్పుని చూశాడు, పుచ్చుకున్నాడు.

"చిక్కావు" అన్నాడు.

"బరువు తగ్గించాలి కదా."

"ఇక్కడ వానలుంటాయా?"

"తక్కువ."

"మనకి ఆగస్టు నుంచీ ఆగలేదు." జేబులోంచి టీ పొడి పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. "మా ఆవిడ పంపింది. ఇక్కడి నీళ్ళతో మంచి టీ రాదని ఎవరో చెప్పారట."

అంతే. తువ్వాలు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే ఏమంటాను? నేను నిలబడే ఉన్నాను. తాడు పట్టుకుని ఉన్నానేమో, అయినా నిలబడే ఉన్నాను.

ఫింటన్ మంచివాడిలా ఉన్నాడు. నన్ను "డోనల్ గారూ" అన్నాడు. ఒళ్ళు మండింది.

అక్టోబరు 5, శనివారం, ఉదయం

చెయ్యి బాగానే ఉంది చెయ్యి బాగానే ఉంది.

అక్టోబరు 7, సోమవారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి చేతికి మోచేతి దాకా పిండికట్టు ఉంది. సెప్టెంబరు 18 నుంచీ ఎడమ చేత్తోనే రాస్తున్నాను. బల్లది తప్పేం లేదు, పెన్నుది కూడా.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎవరికీ చూపించను కాబట్టి సిగ్గుపడక్కర్లేదు.

శనివారం సాయంత్రం ఐదింటికి మొదట డాక్టరు వచ్చాడు. కళ్ళు చూశాడు, నాడి చూశాడు, పిడికిళ్ళు బిగించమన్నాడు. బిగిస్తూ, "మీది పీసానా డాక్టరుగారూ?" అని అడిగాను. ఆ పక్క ఊరంటే ఇక్కడివాళ్ళకి అస్సలు పడదు. లివోర్నోవాణ్ణి పట్టుకుని పీసానా అంటే ఊరుకుంటాడా? అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఆ కోపంలో నా పిడికిలి చూడటం మర్చిపోయి సంతకం పెట్టేశాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తర్వాత పట్టీలు. ఒకరి చేతులకి పట్టీ కడుతుంటే అవతలి మూల మనిషి వచ్చి దగ్గరుండి చూడాలి, లోపల ఏ ఇనుపముక్కా దాచకుండా. కట్టడం అయ్యాక బాక్సింగ్ సమాఖ్య మనిషి టేపు మీద సంతకం పెడతాడు. ఈ సంగతి నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. కానీ ఆ చూసేవాడు బార్ట్లీ అవుతాడని, తలుపు తోసుకుని ఆయన లోపలికి వచ్చేదాకా నాకు తట్టనే లేదు. మూడు వారాలు వాన్నీ నుంచి దాచాను, నెల్లా అక్క నుంచి దాచాను, డాక్టరు నుంచి దాచాను. ఈ చేతులకి మొదటిసారి పట్టీ కట్టిన మనిషి వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

వాన్నీ ముందు కూర్చుని ఎడమ చెయ్యి చాపాను.

"నువ్వెప్పుడూ కుడి చెయ్యే ముందు ఇచ్చేవాడివి" అన్నాడు బార్ట్లీ, మా భాషలో.

ఎడమ చెయ్యి అయింది. కుడి చెయ్యి ఇచ్చాను. వాన్నీ వేళ్ళ మీద రెండు చుట్లు తిప్పి బిగించాడు. నా పెదవి మీద చెమట నాకే తెలుస్తోంది.

"ఆపు" అన్నాడు బార్ట్లీ.

"ఏంటంటాడు?" అన్నాడు వాన్నీ. ఆయనకి ఇటాలియన్ రాదు, వీడికి ఇంగ్లీషు రాదు. మధ్యలో నేను.

"నువ్వు బాగా కడుతున్నావంటున్నాడు" అన్నాను.

"అబ్బో, థాంక్స్ అని చెప్పు." ఇంకో చుట్టు బిగించాడు. నా మోకాలు దానంతటది కదిలింది.

బార్ట్లీ లేచి వచ్చి వాన్నీ చేతిలోంచి నా చేతిని మెల్లగా తీసుకున్నాడు. బొటనవేలితో చిటికెన వేలి వెనక ఎముక మీద, చాలా తేలిగ్గా, ఒక్కసారి తడిమాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికే.

"ఎప్పుడు?"

"మూడు వారాలు కాలేదు."

"సాధనలోనా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది. "బస్తా" అన్నాను. "ఒట్టి చేత్తో."

ఆయన తిట్టలేదు. ముఖం ఒకసారి అలా పక్కకి తిప్పుకున్నాడు. "ఎందుకు?"

"నువ్వు వస్తున్నావని తెలిసింది."

వాన్నీ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. వాడికి మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది, ముఖం పాలిపోయింది. సమాఖ్య మనిషి కలం పట్టుకుని నిలబడి "అయిందా?" అంటున్నాడు.

బార్ట్లీ గొంతు తగ్గించాడు. "డాక్టర్ని పిలవనా, కట్టనా? ఒకసారి నిన్ను అడక్కుండా ఆపాను. అప్పుడు నీకు ఇరవై ఐదు. ఇప్పుడు నువ్వే చెప్పు."

నాకు ఎర్ర మూల కావాలి. గది కావాలి, కిటికీ కావాలి. "కట్టు" అన్నాను.

అంతా విప్పేసి మళ్ళీ మొదలుపెట్టాడు. మణికట్టు దగ్గర ఆరు చుట్లు, అక్కణ్ణుంచి వేళ్ళ సందుల్లోంచి, వాచిన ఎముక మీద ఒక్క చుట్టు కూడా బిగించకుండా, కణుపుల మీద గాజుగుడ్డ మడతలు వేసి. బోహర్‌మోర్ షెడ్డులో కట్టినట్టే కట్టాడు. సమాఖ్య మనిషి తలగోక్కున్నాడు. "అవతలివాడు వచ్చి ఇవతలివాడికి కట్టకూడదని ఎక్కడా రాసి లేదు గానీ..." అని గొణిగి సంతకం పెట్టాడు. బార్ట్లీ వెళ్ళిపోయాక వాన్నీ నన్ను తిట్టిన తిట్లు ఈ పుస్తకంలో రాయడానికి నా ఎడమ చెయ్యి ఒప్పుకోవడం లేదు.

ఎర్ర మూలలోంచి చూస్తే రింగు వేరేలా ఉంటుంది. ముందు వరసలో నెల్లా అక్క, ఆవిడతో పాటు రేవు కూలీలు పదిమంది. "మనోడే! మనోడే!" అని అరుస్తున్నారు. ఇరవై ఆరు పోటీల్లో ఆ అరుపులు ఎప్పుడూ అవతలివాడివి. గంట కొట్టకముందే సగం గెలిచినట్టనిపించింది.

మొదటి రెండు రౌండ్లు నావి. ఎడమ చెయ్యి చెప్పినట్టు వింది. మూడు వారాలు దానితోనే తిన్నాను, దానితోనే రాశాను, మరి వినదూ! మూడో రౌండు ఇద్దరిదీ. నాలుగో రౌండులో బెదిరించడానికి కుడి చెయ్యి వేశాను. ఫింటన్ పక్కకి జరగలేదు. గడ్డం గుండెకి ఆనించి నుదురు ముందుకి పెట్టాడు. నుదురు కంటే గట్టి ఎముక మనిషి ఒంట్లో లేదు. రెండోసారి వేశాను, మళ్ళీ నుదురే. అప్పుడు అర్థమైంది. వాడికెవరో చెప్పారు. నీలం మూల వైపు చూశాను. బార్ట్లీ చేతులు కట్టుకుని నావైపే చూస్తున్నాడు. తిట్టుకున్నాను. పట్టీ కట్టి మరీ పట్టిచ్చాడు అనుకున్నాను. ఆ కోపంలో మూడోసారి వేశాను. లోపల ఎముక టప్పుమంది.

నాలుగో రౌండు అయ్యాక వాన్నీ తువ్వాలు నాకు చూపించాడు. "ఇది నా భుజం మీదే ఉంది. నువ్వు తలూపితే చాలు."

"వద్దు. నిలబడే ఉన్నాను."

"నిలబడటానికి కాదురా ఇక్కడికొచ్చింది!"

చివరి రెండు రౌండ్లూ ఫింటన్ నన్ను రింగంతా తరిమాడు. పడలేదు, అంతే. గంట కొట్టగానే ఓడిపోయానని తెలుసు. ఇన్ని పోటీలాడిన మనిషికి ఆ మాత్రం లెక్క తెలుస్తుంది.

ముగ్గురు జడ్జీలు. 58-57, 58-57, 58-57. ఎర్ర మూల.

రిఫరీ నా కుడి చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. నొప్పికి అరిచాను. జనం అది సంతోషమనుకుని ఇంకా గట్టిగా అరిచారు. అబద్ధమెందుకు, ఒక్క క్షణం సిగ్గు లేకుండా సంతోషించాను కూడా. నాలుగు పోటీలు, వసంతం, కిటికీ అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అప్పుడు ఫింటన్ ముఖం చూశాను. ఆ ముఖం నాకు తెలుసు. ఆరు ఊళ్ళ హోటళ్ళ అద్దాల్లో దాన్ని చూశాను.

బట్టలు మార్చుకునే గదిలోకి బార్ట్లీ కత్తెర పట్టుకుని వచ్చాడు. కట్టినవాడే విప్పాలి, అది ఆయన పద్ధతి. వాన్నీ పక్కకి జరిగి చోటిచ్చాడు.

"వాడికి చెప్పావు" అన్నాను.

"చెప్పాను. ఈ వారం వాడు నా మనిషి. వాడి పట్ల నా పని అది." టేపు కత్తిరిస్తూ తలెత్తలేదు. "పట్టీ నీకు కట్టాను, మాట వాడికి చెప్పాను. ఏది మానినా ఇంటికెళ్ళి మా ఆవిడ ముఖం చూడలేను."

"నేను ఓడిపోయాను కదూ?"

"ఒక్క రౌండు తేడాతో."

చెయ్యి బయటికొచ్చింది. వంకాయ రంగు. ఇంక దాచేదేం లేదు కాబట్టి అడిగేశాను. "డబ్లిన్‌లో తువ్వాలెందుకు విసిరావు? నేను నిలబడే ఉన్నాను."

ఆయన కత్తెర కింద పెట్టాడు. "నాలుగో రౌండు అయ్యాక నువ్వు వాళ్ళ మూలకెళ్ళావు. వాళ్ళ స్టూలు మీద కూర్చుని నీళ్ళడిగావు. వాళ్ళ కోచ్ నిన్ను చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చాడు. అయినా ఐదో రౌండుకి పంపాను. అరనిమిషం చూశాను. అంతకంటే చూడలేకపోయాను. తప్పేదన్నా ఉంటే ఆ ఐదో రౌండుకి పంపడమే. రేపు మళ్ళీ అలా జరిగినా విసురుతాను."

నాకు ఆ స్టూలు గుర్తుంది. దాని మీద నీలం గుడ్డ ఉంది. నాది ఎర్రది. తొమ్మిదేళ్ళుగా గుర్తుంది.

ఏడ్చాను. వాన్నీ తువ్వాలు ఇచ్చాడు, దానితోనే తుడుచుకున్నాను.

నడవాలో ఫింటన్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, బూటు తాడు విప్పలేక. పక్కన కూర్చున్నాను. నాకు ఆరుసార్లు ఎవరూ చెప్పని మాట వాడికి చెప్పాను.

"నువ్వే గెలిచావు. నాలుగోది, ఐదోది, ఆరోది నీవి."

"మరి నీ చెయ్యెందుకు ఎత్తారు?"

"నేను ఈ ఊరివాణ్ణి కాబట్టి."

వాడు నన్నలాగే చూశాడు. "గారూ" అనలేదు ఈసారి. ఇంకేదో అన్నాడు, అది మా ఊళ్ళో పెద్దవాళ్ళ ముందు అనే మాట కాదు. పక్కున నవ్వాను. వాడూ నవ్వాడు, కోపంగానే.

అక్టోబరు 8, మంగళవారం

డాక్టరు ఐదు నెలలన్నాడు. నెల్లా అక్క పులుసు పెట్టింది. రెండు గిన్నెలు తిన్నాను, ఎడమ చేత్తో. "చెంచా ఆ వైపు పెట్టిన రోజే చెప్పుంటే ఈ ఖర్మ ఉండేది కాదు" అంది. ఆవిడకి మొదట్నుంచీ తెలుసు. బల్లకి అట్టముక్క పెట్టింది కూడా నా సరదా తీర్చడానికేనట.

అక్టోబరు 9, బుధవారం

పడుకుంటే అదే. 58-57. నాకు ఎనిమిది గెలుపులుండేవి, ఇప్పుడు తొమ్మిది. అందరికీ చెప్పుకుంటూ తిరిగిన ఆ ఆరు పోటీల మాట ఇంక ఏ ముఖంతో ఎత్తను?

అక్టోబరు 10, గురువారం

బార్సొట్టి ఫోన్ చేశాడు. "మార్చిలో పెద్ద పోటీ. గోడపత్రిక మీద నీ ముఖమే. చెయ్యి ఎలా ఉంది?"

"బాగానే" దాకా వచ్చింది నోట్లో. మింగేశాను.

"విరిగింది. పోటీకి ముందే విరిగింది. దాచాను. పైగా ఆ కుర్రాడే గెలిచాడు. జడ్జీలకి చెప్పి మార్పించండి."

"పిచ్చి పట్టిందా నీకు? గెలిచాక వచ్చి ఓడానంటాడేంటి!"

"మార్చరా?"

"మార్చరు. ఎవరూ ఎప్పుడూ మార్చలేదు."

అది నాకంటే ఎవరికి బాగా తెలుసు. "అయితే మళ్ళీ పెట్టించండి, వాడితోనే. గాల్వేలో."

"అక్కడ నాకేం పని?" అన్నాడు. నాలుగు పోటీల మాట ఇంక ఎత్తలేదు. చెయ్యి జాగ్రత్త అని పెట్టేశాడు.

వాన్నీ అంతా విన్నాడు. "ఎర్ర మూల పోయింది కదరా" అన్నాడు.

"పోయింది."

"ఎడమ చెయ్యి మాత్రం పనికొస్తుంది" అన్నాడు. తర్వాత రేవు గోడ దాకా ఇద్దరం నడిచాం. నాకు కూర్చోవాలనిపించింది, కూర్చున్నాం.

అక్టోబరు 11, శుక్రవారం

మధ్యాహ్నం బార్ట్లీ టీ పొడితో టీ పెట్టుకుని, తాగి, ఆయన నంబరు కొట్టాను. మారలేదు.

"బార్ట్లీ, డోనల్ని."

"ఆఁ."

"చెయ్యి నయమయ్యాక ఫింటన్‌తో మళ్ళీ ఆడతాను. నువ్వే పెట్టించు, అక్కడ."

వెనక షెడ్డులో ఎవరో తాడాట ఆడుతున్న చప్పుడు వినిపించింది. రేకుల మీద వాన కూడా.

"గాల్వేలో అయితే ఎర్ర మూల వాడిది" అన్నాడు. "నీ సొంత ఊళ్ళో నువ్వు నీలం మూలలో నిలబడాలి. ముందు వరసంతా వాడి మేనమామలే."

"తెలుసు."

"నీ మూలలో నేను ఉండను."

"వాన్నీ ఉంటాడు. పట్టీలు కట్టేటప్పుడు వచ్చి చూడు, చాలు."

"టీ బాగుందా?"

"నీళ్ళు బాలేవు."

"చెయ్యి?"

"విరిగింది, బార్ట్లీ. రెండు చోట్ల."

మళ్ళీ వాన చప్పుడు.

"తప్పు లేదు" అన్నాడు.

ఆ తర్వాత ఆయన ‘ఉంటా’ అన్నాడు, నేను ‘ఉంటా’ అన్నాను, ఉంటా మరి, ఉంటా, సరే ఉంటా, ఆవిడని అడిగానని చెప్పు, చెప్తాను, ఉంటా, ఉంటా. ముందు ఎవరు పెట్టేశారో తెలీదు.